అద్దం మీద అక్షింతలు

మా ఇంట్లో దసరా నాడు బొట్టు తప్పించుకున్న వస్తువు లేదు. స్కూటరు, ఫ్రిజ్, మిక్సీ, కత్తిపీట, నేను కోచింగ్ సెంటర్లో పాఠం చెప్పేటప్పుడు వాడే కాలిక్యులేటరు, అన్నీ బొట్లు పెట్టించుకోవాల్సిందే. మాది గుడివాడ వైపు. మా పుట్టింట్లో ఆయుధ పూజంటే నాన్న స్కూటరు చక్రం కింద నిమ్మకాయ తొక్కించడంతో సరి. బల్కంపేట ఇంటికి కోడలిగా వచ్చాక తెలిసింది, ఇంట్లో ఏ మూల ఇనుప ముక్క ఉన్నా ఆ రోజు దానికి పండగేనని. మొదట్లో ఇదేం చాదస్తమని గొణుక్కున్నాను. తర్వాత నాకే సరదా పుట్టింది. ఏడాదంతా నోరెత్తకుండా చాకిరీ చేసే మిక్సీకి ఒక్క పూట మర్యాద చేస్తే పోయేదేముంది?

నా టెలిస్కోపుకూ ఏటా ఆ మర్యాద జరిగేది. గొట్టం బయట గంధం పూసి, మధ్యలో కుంకుమ పెట్టేవాళ్లు. బయట పెడితే నాకేం అభ్యంతరం లేదు. దాని ప్రాణమంతా లోపలుంది.

అది కొట్లో కొన్నది కాదు. పెళ్లికి ముందు పంజాగుట్ట హాస్టల్లో ఉన్నప్పుడు, మేడ మీద పాత డ్రమ్ము మీద ఒక గాజు బిళ్ల, దాని మీద ఇంకో గాజు బిళ్ల, మధ్యలో గరుకు పొడి పెట్టి, డ్రమ్ము చుట్టూ తిరుగుతూ నెలల తరబడి అరగదీసిన అద్దం అది. పక్క గది వాళ్లు నాకేదో గాలి సోకిందనుకున్నారు. అలా అరిగి లోతు తక్కువ పళ్లెంలా తయారైన గాజుకు అల్యూమినియం పూత వేయించి గొట్టం అడుగున బిగించాను. పైకొస నుంచి లోపలికి వచ్చిన వెలుగు అడుగునున్న ఈ పెద్ద అద్దం మీద పడి, మళ్లీ పైకి పోయి, అక్కడ ఏటవాలుగా ఉన్న ఒక చిన్న అద్దానికి తగిలి, పక్కనున్న కన్నంలోంచి మన కంట్లోకి వస్తుంది. ఆ పూత ఉల్లిపొర కన్నా చాలా చాలా పల్చన. వేలు తగిలినా మరకే. కాబట్టి ఆ అద్దాల జోలికి వెళ్లకపోవడమే వాటికి చేసే సేవ అని నా నమ్మకం.

మామయ్య పోయాక మా అత్తమ్మ కుంకుమ భరిణె ముట్టుకోవడం మానేసింది. వద్దని ఎవరూ అనలేదు. పెట్టమనీ ఎవరూ అనలేదు. దసరా వస్తే ఆమె వంటింట్లో పీట వేసుకుని గారెలు వేస్తూ కూర్చునేది, సనత్‌నగర్ నుంచి మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, వచ్చి ఇంట్లో సామానుకి బొట్లు పెట్టి వెళ్లేది. పోయిన దసరాకి వదినకి జ్వరం. మా ఆయన కంపెనీ పని మీద నాగపూర్లో ఉన్నాడు. నేను పళ్లెం తెచ్చి అత్తమ్మ చేతిలో పెట్టాను.

"మీరే పెట్టండి."

"నేనెట్ల పెడ్త బిడ్డ? నాకు పనికి రాదు."

"ఎవరన్నారు?"

"అనేదేముంది? గది గట్లనే."

"మీరు పెట్టకపోతే ఈ ఏడు మిక్సీకి బొట్టు లేదు. నేను మాత్రం పెట్టను. మీ ఇష్టం."

నాకు కోపమొస్తే బతిమాలడం కూడా బెదిరించినట్టే ఉంటుందని మా ఆయన అంటాడు. అత్తమ్మ పళ్లెం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. తర్వాత వెళ్లి మిక్సీకి పెట్టింది. ఫ్రిజ్‌కి పెట్టింది. మూడో దానికి వచ్చేసరికి ఆమె వేలికి ఎక్కడలేని హుషారొచ్చింది. టెలిస్కోపు దగ్గరికి వచ్చి అడిగింది.

"గిండ్ల అసలుది ఏది బిడ్డ?"

"లోపల రెండు అద్దాలున్నాయి అత్తమ్మా, అసలు సంగతంతా వాటిదే. పైది వట్టి గొట్టం," అని చెప్పి నేను పులిహోర పోపు మాడుతోందని వంటింట్లోకి పరిగెత్తాను.

తర్వాత చాలా రోజులు మబ్బులు. టెలిస్కోపు మూత తీసే పని పడలేదు. చివరికి ఒక సాయంత్రం ఆకాశం తెరిపిచ్చిందని అత్తమ్మని వెంటబెట్టుకుని మేడ మీదికి మోసుకెళ్లి చూస్తే గురుగ్రహం చుట్టూ పసుపు నీళ్లు చల్లినట్టుంది. టార్చి వేసి గొట్టంలోకి తొంగిచూశాను. అడుగున పెద్ద అద్దం మీద అక్షింతలు. పసుపు ముద్దలో తడిసి, ఎండి, అంటుకుపోయిన బియ్యపు గింజలు, వాటి చుట్టూ రాలిన కుంకుమ. పైన, చెయ్యి అందే చోట ఉన్న చిన్న అద్దానికి మధ్యలో చక్కగా, నుదుటికి పెట్టినంత శ్రద్ధగా, గంధం బొట్టూ దాని మీద కుంకుమా.

అసలుది ఏదో అడిగి మరీ పెట్టింది.

మంచి కుంకుమంటే పసుపులో సున్నం కలిపి చేసేది. సున్నం అల్యూమినియాన్ని తినేస్తుంది. దానికి వానాకాలపు తేమ తోడైతే ఇక చెప్పక్కర్లేదు. నేను ఏమీ అనలేదు, నిజంగా ఒక్క మాట అనలేదు, కానీ నా మొహం నా మాట వినదు. అత్తమ్మ నా మొహం చూసింది, గొట్టంలోకి చూసింది, అర్థం చేసుకుంది.

ఇంకా నాగపూర్లోనే ఉన్న మా ఆయనకి ఫోన్లో చెప్పాను. ఆయన దాన్ని పెద్ద జోకులాగా వదినకి చెప్పాడు. వదిన నవ్వలేదు. అత్తమ్మకి ఫోన్ చేసింది. ఫోను స్పీకర్లో ఉంది, పక్కనే నేనూ ఉన్నాను.

"అందుకే నేను ఎన్నడు నిన్ను పెట్టనియ్యలే అమ్మా. జర ఆగితే నేనే అస్తుంటి గద. మంచి చెయ్యితోని పెడ్తే గిట్లయితుండెనా? ఆదివారం అస్త, ఏం పాడైందో చూస్త."

అత్తమ్మ "అవ్ బిడ్డ" అంది. అంతే.

అప్పుడు నాకొచ్చిన కోపానికి ఫోను పగలగొట్టాల్సింది. కానీ అసలు దెబ్బ మర్నాడు తెలిసింది. మా పై ఫ్లాటులో ఒక పసిపిల్ల ఉంది. పుట్టినప్పటి నుంచి ఆ పిల్లకు నూనె రాసి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని స్నానం పోసేది మా అత్తమ్మే. ఆ పిల్ల తల్లికి భయం, చేతుల్లోంచి జారిపోతుందని. మర్నాడు పొద్దున అత్తమ్మ పైకి వెళ్లలేదు. మోకాలు నొప్పి అని చెప్పి పంపింది. ఆ పై రోజూ వెళ్లలేదు. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని సోఫాలో కూర్చుంది. పైన పిల్ల ఏడుస్తుంటే తల అటు తిప్పి వింటుంది, లేవదు.

అద్దం పోతే పోతుంది, సర్దుకుంటాను. కానీ ఆ అద్దం పోయిందంటే ఈమె ఇంక ఏ పసిపిల్లనీ ముట్టుకోదు. వదిన చూసి "చెప్పిన గద" అనకముందే అద్దాలు రెండూ బయటికి తీసి కడగాలి. లోపల ఎంత మిగిలిందో నాకు తెలియదు.

ఆదివారం క్లాసులు లేవు. ముందురోజే పంజాగుట్టలో స్కూటరు బ్యాటరీలో పోసే శుద్ధి చేసిన నీళ్లు డబ్బాలకొద్దీ కొన్నాను. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు ఆరితే తెల్లటి చారలు మిగులుతాయి, చివరి కడుగుకి పనికిరావు. వంటింట్లో టబ్బు పెట్టి, అందులో తువ్వాలు మడిచి పరిచాను. కర్టెన్లన్నీ మూశాను, ఎందుకంటే ఆ అద్దం మీద ఎండ పడిందంటే ఎదురుగా ఏది ఉంటే అది అంటుకుంటుంది. చేతికున్న గాజులు, ఉంగరం తీసేశాను. గొట్టాన్ని మంచం మీద అడ్డంగా పడుకోబెట్టి రెండు పక్కలా బాలీసులు పెట్టాను. గొట్టం నిలబెట్టి ఈ పని చెయ్యకూడదు. చిన్న అద్దం జారిందంటే సరాసరి వెళ్లి పెద్ద అద్దం మీద పడుతుంది.

అత్తమ్మ గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు.

చిన్నదాన్నే ముందు తీశాను. ఎడమ చేత్తో దాని కాడ పట్టుకుని కుడి చేత్తో స్క్రూ తిప్పుతుంటే నా చెమట దాని మీద ఎక్కడ పడుతుందో అని తల పక్కకి పెట్టుకున్నాను. అది ఊడి చేతిలోకొచ్చింది. మధ్యలో బొట్టు ఎండి బీటలు తీసింది. దూది పరిచిన స్టీలు డబ్బాలో పెట్టి మూత వేశాను. అత్తమ్మ డబ్బా వంక చూసి నేల చూపులు చూసింది.

పెద్ద అద్దం గొట్టం అడుగున ఒక లోహపు పీట మీద కూర్చుని ఉంటుంది. పీటకి చుట్టూ స్క్రూలు. అవి విప్పితే అద్దంతో సహా పీట బయటికొస్తుంది. అన్నీ మర్యాదగా వచ్చాయి, చివరిది తప్ప. అది తుప్పు పట్టి మొరాయించింది. నేనూ మొండిదాన్నే, బలంగా తిప్పాను. స్క్రూ ఊడింది, దాంతోపాటు పీట ఒక పక్కకి వాలి సగం బయటికొచ్చి ఇరుక్కుంది, లోపల "టక్" అని చప్పుడైంది.

అద్దాన్ని పీటకి పట్టి ఉంచే క్లిప్పుల్లో ఒకటి జారిపోయింది. అద్దం పీటలో కిందికి దిగింది, నా ఎడమ చేతి మీదికి బరువొచ్చింది. ఇంతలో గొట్టం బాలీసు మీద నుంచి దొర్లబోయింది, దాన్ని కుడి చేత్తో, ఛాతీతో ఆపాను. పీటని వెనక్కి నెడితే అద్దం అంచు లోపలి స్క్రూకి కొట్టుకుంటుంది. బయటికి లాగితే అద్దం జారి గ్రానైటు నేల మీద పడుతుంది. ఉన్న చోట ఉందామంటే ఆ బరువు ఒంటి చేత్తో ఎంతోసేపు మొయ్యలేను.

"అత్తమ్మా! ఇటు రండి! అద్దం పట్టుకోండి!"

ఆమె కదల్లేదు. కొంగులో చేతులు ఇంకా బిగించింది.

"నాతోని గాదు బిడ్డ. నేను ముట్ట."

"జారిపోతోంది!"

అదే సమయానికి బయట బెల్లు మోగింది. అత్తమ్మ మొహంలో ప్రాణం వచ్చింది.

"మీ వదినె అచ్చింది. ఆగు, ఆమెను పిలుస్త. ఆమె పట్టుకుంటది."

"వద్దు! మీరు తలుపు తీసి వచ్చేలోపు ఇది ఉండదు!"

"నా చెయ్యి మంచిది గాదు బిడ్డ..."

"మీ చెయ్యి సంగతి తర్వాత చూద్దాం, ముందు దాన్ని ఇక్కడ పెట్టండి!"

అరిచాను. అత్తగారి మీద అంత గొంతేసుకుని నేనెప్పుడూ అరవలేదు. బెల్లు మళ్లీ మోగింది. దాని వెనకే హాల్లో ఫోను మోగింది. నా మణికట్టులో తిమ్మిరి వేళ్ల దాకా పాకింది, ఏ వేలు ఎక్కడుందో తెలియడం లేదు. కళ్లలోకి చెమట కారుతోంది, తుడుచుకునే చెయ్యి లేదు. అద్దం ఇంకో నూలు పోగంత జారింది.

కొంగు విప్పుకున్న చప్పుడు వినిపించింది.

"ఎట్ల పట్టాలె?" నా పక్కకొచ్చి అడిగింది.

"కింద నుంచి. అరచేతులు రెండూ చాపండి. మెరిసే వైపు వేలు తగలకూడదు. అంచులు, వెనక వైపు, అంతే."

ఆమె నా చేతి కింద నుంచి తన చేతులు పోనిచ్చింది. అరచేతులు చల్లగా ఉన్నాయి. తల నిలవని పిల్లని ఎత్తుకున్నట్టు ఒక చెయ్యి అంచు కిందికి, ఒక చెయ్యి వెనక్కి పంపి ఆగింది.

"నాకచ్చింది బరువు. నువ్వు ఇడిసిపెట్టు."

"నిజంగా వచ్చిందా?"

"ఇడిసిపెట్టు అంటున్న గద."

వదిలేశాను. వదలడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మెల్లగా రెండో క్లిప్పు తిప్పాను, మూడోది తిప్పాను. పీట వదులై నా చేతిలోకొచ్చింది. అద్దం ఆమె చేతుల్లో ఉండిపోయింది. బెల్లు ఆగకుండా మోగుతోంది. ఎదురు ఫ్లాటు వాళ్లు తలుపు తీసి ఎవరో ఏమిటో అని అడుగుతున్నారు.

"ఇట్లనే కడిగే కాడికి తీస్కపోదామా?" అంది అత్తమ్మ. "మల్ల కింద పెట్టి మల్ల ఎత్తుడు ఎందుకు?"

నిజమే. ఆమె ముందు, ఆమె కొంగు కాళ్లకి అడ్డం పడకుండా ఎత్తి పట్టుకుని నేను వెనక, అలా వంటింటి దాకా నడిచాం. అద్దాన్ని టబ్బులో తువ్వాలు మీద దింపిన తర్వాతే నేను వెళ్లి తలుపు తీశాను.

"ఏం చేస్తున్నరు మీరు లోపట? పానం పోయిందనుకున్న!" అంటూ వచ్చింది వదిన. అరటిపండ్ల సంచి బల్ల మీద పెట్టి తిన్నగా వంటింట్లోకి నడిచింది.

అద్దాన్ని కొంచెం వాలుగా పట్టుకోమని అత్తమ్మకి చెప్పి, పైనుంచి నీళ్లు ధారగా వదిలాను. రుద్దకూడదు. గింజ కింద చిన్న ఇసుక రేణువున్నా రుద్దితే గీత పడుతుంది. నానాలి, వాటంతట అవి రావాలి. ముగ్గురం వంగి చూస్తున్నాం. పసుపు ముందు కదిలింది. తర్వాత ఒక్కొక్క బియ్యపు గింజా పట్టు వదిలి జారింది. కుంకుమ ఎర్రగా టబ్బులోకి దిగింది. సబ్బు చుక్క వేసిన నీళ్లలో దూది ముంచి, దాని బరువు తప్ప నా బరువు పడకుండా ఒక్కసారి లాగి పారేశాను, ఇంకో దూదితో ఇంకోసారి.

అద్దం మెరిసింది. మచ్చలు మిగిలాయి.

కుంకుమ కూర్చున్న చోటల్లా పూత లేదు. చిన్న చిన్న కిటికీల్లాంటి ఆ ఖాళీల్లోంచి, గాజు వెనక ఉన్న అత్తమ్మ అరచెయ్యి మసకగా కనిపిస్తోంది.

"చూసినవా?" అంది వదిన. గట్టిగా కూడా అనలేదు. "పోయినట్టే గద."

అత్తమ్మ చేతుల్లో అద్దం కదిలింది. నాకు భయమేసింది, వదిలేస్తుందేమోనని.

"అత్తమ్మా, నా వైపు చూడండి. మచ్చ పడింది. అది పోదు, అబద్ధం చెప్పను. కానీ గాజుకేం కాలేదు. నేను అరగదీసింది గాజుని. పూత ఎప్పుడైనా వేయించుకోవచ్చు, ఎలాగూ పాతబడింది. వేయించకపోయినా ఇంత అద్దంలో ఈ చుక్కలు కంటికి తెలియవు. చిన్న అద్దం ఇంకా కడగలేదు, దానికీ అంతే."

"మాటలకేముంది," అంది వదిన. "గంత పానంగ చూసుకునేదాన్ని అమ్మ చేతుల ఎట్ల పెట్టినవ్? ఆగితే నేను రాకపోదునా?"

మంచి జవాబు చెప్పాలని చాలా ప్రయత్నించాను. అత్తమ్మ చెయ్యి ఎంత మంచిదో చెప్పాలి, పై ఫ్లాటు పిల్ల ఎంత ఏడుస్తోందో చెప్పాలి. చేతులు నొప్పి, నడుము నొప్పి, పొద్దున్నుంచి ఏమీ తినలేదు. నోట్లోంచి వచ్చింది ఇది.

"వేరే గతిలేక పెట్టాను వదినగారూ."

అని నాలుక కరుచుకున్నాను.

అత్తమ్మ నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకునే చెయ్యి ఖాళీ లేదు కాబట్టి నోరంతా తెరిచి నవ్వింది.

"సక్కంగ చెప్పింది," అంది కూతురితో. "మీ నాయిన పోయినకాడికెల్లి అందరు నన్ను కూసో అమ్మా, నువ్వెందుకు అమ్మా అన్నోళ్లే. నువ్వు సుత. గతిలేక పిలిసినోళ్లు ఒక్కలు లేరు."

వదిన మొహం ముడుచుకుంది. అరటిపండ్లు తీసి బయటపెట్టి ఖాళీ సంచి మడిచింది. "నేను పోత. నీల్లు పట్టే టైమైతది," అంది. మా ఇంటికి వచ్చిన ఆడమనిషి బొట్టు పెట్టించుకోకుండా గడప దాటదు, ఎంత కోపంలో ఉన్నా సరే. వదిన నా ముందుకొచ్చి నిలబడింది. నేనేమో అద్దం మీద చివరి బ్యాటరీ నీళ్లు పోస్తున్నాను. ధార మధ్యలో ఆగితే చారిక పడుతుంది.

"ఒక్క నిమిషం వదినగారూ, నా చేతులు ఖాళీ లేవు."

అత్తమ్మ అద్దాన్ని అంచు మీద నిలబెట్టి, టబ్బు గోడకి వేసిన తువ్వాలుకి ఆనించి, అది నిలిచిందో లేదో చూసుకుని, చేతులు తీసింది. తడి కొంగుకి తుడుచుకుంది. దేవుడి అర దగ్గరికి వెళ్లింది. భరిణె మూత తీసిన చప్పుడు విన్నాను. ఉంగరం వేలు కుంకుమలో అద్దుకుని తిరిగొచ్చి కూతురి ముందు నిలబడింది.

వదిన నా వైపు చూసింది. నేను నీళ్లు పోస్తూనే ఉన్నాను.

"వంగు," అంది అత్తమ్మ. "నాకు అందుతలేదు."

వదిన వంగింది.